పాలియ్యలే

సుచరిత మా కొట్టంలోకి అడుగుపెట్టిన మొదటిరోజే మా చుక్కబర్రె ఆమెను తన్నింది. ఇంకాస్త గురిచూసి తన్ని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కాలికి కట్టు కట్టించుకుని ఇంటికి పోయేది, మళ్లీ మా గల్లీ మొహం చూసేది కాదు.

అది పోయిన ఆషాఢం. ఉప్పుగూడ స్టేషన్ వెనక మా గల్లీలో బోనాల పందిరికి గుంజలు పాతుతున్నారు. ఊరి నడుమ బర్రెల కొట్టాలు ఉండకూడదనీ, వానాకాలం అయ్యేలోగా ఖాళీ చేయాలనీ మా నాన్న దుర్గయ్యకు నోటీసు వచ్చి ఉంది. కొట్టం మా తాత కట్టింది. నాన్న ఇంకో పని ఎరగడు. చదవడం రాకపోయినా రోజూ ఆ నోటీసు తీసి చూసుకుని, మళ్లీ మడతపెట్టి రేకుల సందులో దోపేవాడు. సరిగ్గా అప్పుడు వచ్చింది సుచరిత, మెడలో రెండు కెమెరాలు వేసుకుని. పాతబస్తీ కొట్టాలను కూలగొట్టవద్దని ఆమె ఫోటోలతో ఉద్యమం నడుపుతోందట. ఇక్కడి మనుషులు ఎట్లా తింటారో, ఎట్లా పడుకుంటారో, ఎట్లా ఏడుస్తారో లోకానికి చూపిస్తే కూలగొట్టేవాళ్ల చేతులు ఆగుతాయట.

వాళ్లది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి పరబ్రహ్మంగారు సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. "నేనూ మీ పక్కదాన్నేనండీ, జహనుమాలో పెరిగాను" అని మొదటిరోజే చెప్పుకుంది. పెరిగింది జహనుమాలోనే, కాదనను. గేటు లోపల పెరిగింది. స్కూలు బస్సు గేటు దాకా వచ్చి ఎక్కించుకుని పోయేదని తనే ఇంకోరోజు చెప్పింది.

చెడ్డమనిషి అయితే రెండోరోజే వెళ్లగొట్టేవాళ్లం. మంచిమనిషి కాబట్టి వంటింటిదాకా రానిచ్చాం. కింద కూర్చుని మా పళ్లెంలోనే తినేది. అమ్మ తలకు నూనె పెట్టుకుంటుంటే ఫోటో, నాన్న బర్రెలను కడిగి తను స్నానం చేస్తుంటే ఫోటో, అమ్మానాన్నా మాట్లాడుకోకుండా అలిగి చెరో పక్క కూర్చుంటే ఫోటో. దండెం మీద ఆరేసిన నా లంగాలు కూడా తీసింది. నేను లొల్లి పెడితే, "ఇదే కదా వర్షితా జీవితమంటే!" అంది. జీవితమైతే వాళ్ల దండెం మీద లేదా? డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, ఆ మాత్రం అడగడం నాకు వచ్చు. అడిగాను కూడా. నవ్వి ఇంకో ఫోటో తీసింది.

అమ్మకు మాత్రం ఆమె అంటే ప్రాణం. మా ఇంట్లో అమ్మను అందరూ పనులే అడుగుతారు. చాయ్ ఏది, కుడితి పెట్టినవా, నా చున్నీ ఎక్కడ. ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్పేదాకా ఆగి, కళ్లల్లోకి చూస్తూ కూర్చున్న మొదటి మనిషి సుచరితే. ఎల్లమ్మ అనే పేరు గల మా అమ్మ అప్పటిదాకా ఆ రుచి ఎరగదు.

ఆ రోజుల్లోనే చుక్కబర్రె దూడ, మా మాటలో దుడ్డె, జబ్బుచేసి చచ్చిపోయింది. దుడ్డె ఎదురుగా లేకపోతే బర్రె చేపదు, పొదుగు నిండుగా ఉన్నా పాలు కిందికి వదలదు. తాతల నాటి నుంచి మా వాళ్లు చేసే పనే నాన్న చేశాడు. దుడ్డె తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించాడు. ఆ గడ్డి దుడ్డెను బర్రె ముందు నిలబెట్టి మీద ఇంత తవుడు చల్లితే బర్రె దాన్ని నాకుతుంది, నాకుతూ నాకుతూ చేపుతుంది. మాకు రోజూ చూసే సంగతి. సుచరిత మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దానికి తెలియదా పిన్నిగారూ, అది బతికి లేదని?"

అమ్మ చెంబు మోకాళ్ల నడుమ ఇరికించుకుని పిండుతూనే ఉంది. "తెల్వకేం బిడ్డా! తెలుసు. తెలిసినా నాకుతది. పాలు లోపట్నే ఉంటే సలుపు పుడ్తది గద."

"పాపం."

"నీకు పిల్లలు కాలే, తెల్వది. నాకు తెలుసు గా సలుపు."

రేకుల మీద వాన మోగుతోంది. సుచరిత చిన్న కెమెరాను దాణా బస్తా మీద నిలబెట్టి, "చెప్పండి పిన్నిగారూ, రికార్డ్ చేసుకుంటాను" అంది. అమ్మ తలాడించింది. బర్రె చేపుతున్నప్పుడు ఏమడిగినా తలాడిస్తుంది, ధ్యాసంతా పొదుగు మీదే ఉంటుంది.

నాకంటే ముందు అమ్మకు ఒక కొడుకు పుట్టి, పురిటిలోనే పోయాడు. ఛాతీ రాయిలా గట్టిపడి జ్వరమొచ్చి అమ్మ మూలుగుతున్న సమయంలోనే ఎదురింట్లో ఒక కోడలు కాన్పులో చనిపోయింది. ఆ పిల్ల అత్తగారు, మేమంతా దాదీ అని పిలిచే ముసలామె, తల్లిలేని మనవణ్ని గుడ్డలో చుట్టుకుని తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. వాడే ముబీన్. నడక వచ్చేదాకా అమ్మ పాలే తాగాడు. ఇది గల్లీలో ఎవరిని లేపి అడిగినా చెప్తారు. ముబీన్ అమ్మను 'దూద్ అమ్మా' అని పిలుస్తాడు. ఏసీలు బాగుచేసే పనిలో చేరి మొదటి జీతం తెచ్చిన రోజు దాదీకి చీర, మా అమ్మకు చీర తెచ్చాడు.

"సమ్రీన్‌కు గూడ ఇచ్చిన ఒకనాడు" అంది అమ్మ, మధ్యలో గుర్తొచ్చినట్టు.

ఇది నేనెప్పుడూ వినలేదు. సమ్రీన్ ముబీన్ భార్య. చిన్నప్పుడు సమ్రీన్ వాళ్లు కూడా మా గల్లీలోనే ఉండేవాళ్లు. తల్లి కౌసర్ బీ ఆస్పత్రిలో ఆయా.

"గా దినం వానలకు సడకులన్ని మునిగిపోయినై. కౌసర్ దవాఖాన్లనే ఇరుక్కపోయింది. పోరిని నా తాన ఇడిశి పోయింది గద పొద్దుగాల. ఏడ్శి ఏడ్శి నీలంగైంది పోరి. బర్రెపాలు పడ్తె కక్కింది. ఇగ ఏం జేస్త? ఒకదిక్కు ముబీన్ గాడు, ఒకదిక్కు గీ పోరి. ఇద్దరు తాగి గిక్కడ్నే పండుకున్నరు."

"కౌసర్‌గారికి చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? దూపైతే నీళ్లిచ్చిన అని ఎవలన్న చెప్తరా?"

సుచరిత కళ్లు తుడుచుకుంది. "ఆ ఇద్దరే ఇప్పుడు మొగుడూ పెళ్లాలు!"

"అవ్ బిడ్డా. ఇద్దరు నా పిల్లలే. పెండ్లినాడు మస్తు ఖుషైన నేను" అని అమ్మ నురగ నిండిన చెంబు పక్కన పెట్టి, గడ్డి దుడ్డె చెవి సర్ది లేచింది.

బోనాలు అయిపోయాయి. శ్రావణంలో సమ్రీన్‌కు ఏడోనెల వచ్చింది. ఏడోనెలలో వాళ్లు సత్వాసా చేస్తారు, కడుపుతో ఉన్న పిల్లను పూలతో ముంచెత్తి ఒళ్లో పళ్లు పెడతారు. తల్లి తరఫున కౌసర్ బీ జహనుమా నుంచి వచ్చింది. ఇంకో తల్లి తరఫున మా అమ్మ తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి మల్లెలు, గులాబీలు గంపనిండా తెచ్చి మెడకు, చేతులకు, జడకు తనే కట్టింది. సుచరిత కూడా వచ్చింది, రెండు కెమెరాలతో. దాదీ గదిలో ఆడవాళ్లం కాలు పెట్టే చోటు లేకుండా కూర్చున్నాం.

గుమ్మం బయటి నుంచి ముబీన్ అరిచాడు. "దూద్ అమ్మా, ఫేమస్ అయిపోయినవ్! పొద్దున పెట్టింది మేడమ్, వేలమంది చూసిన్రు!"

సుచరిత సిగ్గుపడుతూ నవ్వింది. అమ్మ చెప్పిన సంగతంతా ఇంగ్లీషులో రాసి, గడ్డి దుడ్డె పక్కన అమ్మ కూర్చున్న ఫోటోతో నెట్‌లో పెట్టిందట. దాదీ, "పఢో బేటీ, సున్తూఁ" అని మనవడి భార్యను చదవమంది. సమ్రీన్ పూలలో మునిగిపోయి కూర్చుని, ఫోను పట్టుకుని ఒక్కో వాక్యం చదువుతూ దాదీకి ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టింది. కొట్టం గురించి, నోటీసు గురించి చదివింది. తల్లిలేని ముబీన్‌ను మా అమ్మ సాకిన సంగతి చదువుతుంటే దాదీ అమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. సమ్రీన్ నవ్వుతూ తర్వాతి వాక్యానికి వచ్చింది. అందులో తన పేరు ఉంది. సగం ఉర్దూలోకి మార్చి ఆగిపోయింది.

"ఆగే?" అంది దాదీ, తర్వాత ఏముందని.

సమ్రీన్ చదవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, కళ్లు అదే వాక్యం మీద ముందుకూ వెనక్కూ పోతున్నాయి. సుచరిత కెమెరా టకటకమంటూనే ఉంది.

ఫోను కౌసర్ బీ లాక్కుని పక్కింటి పిల్లతో చదివించింది. ఒకే తల్లి ఒడిలో, ఒకే రొమ్మున పాలు తాగిన ఇద్దరు పసిబిడ్డలు ఇవాళ ఆలుమగలైనారు, ఆ పాల బంధమే పెళ్లి బంధమైంది అని రాసింది సుచరిత. ఎంతో అందంగా రాశాననుకుంది పాపం.

ఒక తల్లి పాలు తాగినవాళ్లు ఎవరి కడుపున పుట్టినా అన్నాచెల్లెళ్లే. వాళ్ల ధర్మంలో ఇద్దరికీ నిఖా చెల్లదు. మా గల్లీలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. అమ్మకూ తెలుసు. తెలిసీ ఎట్లా ఊరుకున్నావని ఆ సాయంత్రం నేను మీద పడి అరిస్తే, బిత్తరపోయి చూస్తూ చెప్పింది. "గా లెక్కలు వాళ్ల పాలకు గద బిడ్డా! నేను బోనమెత్తేదాన్ని. నా పాలకు గూడ నడుస్తయని నాకేం ఎరుక?"

ఈ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరికి పనికొస్తుంది?

మర్నాడు పొద్దున దాదీ మా కొట్టానికి వచ్చింది. కర్ర పట్టుకుని, పెండ తొక్కుకుంటూ లోపలిదాకా వచ్చి అమ్మ ముందు నిలబడింది. వెనక కౌసర్ బీ, ముబీన్. సమ్రీన్‌ను అప్పటికే జహనుమా పంపేశారు. దాదీ మాతో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడుతుంది.

"ఎల్లమ్మా, నా పోరనికి నువ్వు జాన్ ఇచ్చినవ్. గా ఎహసాన్ గోరిలకు పోయేదాంక మర్వ. ఇప్పుడు సచ్ బోల్. గా పోరికి పాలిచ్చినవా?"

దాదీ నోరు నిజం చెప్పమంటోంది. కళ్లు ఏం చెప్పమంటున్నాయో కొట్టంలోని బర్రెలకు కూడా అర్థమయ్యేట్టు ఉంది. మా అమ్మకు అబద్ధం ఆడే అలవాటు లేదు. పాలల్లో నీళ్లు కలిపిన రోజు కూడా, ఇవాళ నీళ్లు కలిపినమని చెప్పి పోసే మనిషి. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పాలియ్యలే" అంది.

"ఫిర్? మరేం పట్టినవ్?"

"బర్రెపాలల్ల నీళ్లు కలిపి పట్టిన. గా ఫోటోల అమ్మ మంచిగ వింటుంటే నాకు ముచ్చటైంది. జర ఎక్కువ జేసి చెప్పిన. తప్పైంది దాదీ."

కౌసర్ బీ గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. దాదీ ఒక్క క్షణం నా వైపు చూసి, "వర్షిత మీద ఒట్టేస్తవా?" అంది.

అమ్మ చెయ్యి కొంగులోనే ఉండిపోయింది. "ఒట్టెందుకు దాదీ, చెప్తున్న గద."

దాదీ మళ్లీ అడగలేదు. అడగకుండా ఉండటానికే ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుందని నాకనిపించింది. వంగి, అమ్మ నుదురు ముద్దుపెట్టుకుని, "అల్లా నిన్ను సల్లగ సూడాలె" అంది. సాయంత్రానికి ముబీన్ బండి మీద సమ్రీన్‌ను తీసుకొచ్చాడు. దిగుతూ సమ్రీన్ మా ఇంటి వైపు చూసి చెయ్యి ఊపింది. అమ్మ ఆ రోజు పాయసం వండి ఎదురింటికి పంపింది.

గల్లీ ఊరుకుంది, ఫోనులు ఊరుకోలేదు. ఎల్లమ్మ పాలివ్వలేదట, అంతా కల్పించిన కథట అని ఎవరో రాశారు. ఇంకెవరో, ఈ ఫోటోల మేడమ్ పేదోళ్ల నోట్లో మాటలు పెట్టి సానుభూతి అమ్ముకుంటోందని రాశారు. కొట్టాలు కూలగొట్టవద్దని ఆమె పెట్టించిన సంతకాలు కూడా దొంగవే అని మూడోవాడు అందుకున్నాడు. సుచరిత పరుగున వచ్చింది. మనిషి పీక్కుపోయి ఉంది.

అమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "బిడ్డా, నువ్వు గూడ గదే చెప్పు. ఎల్లమ్మ ఒట్టిగ చెప్పింది, నేను నమ్మిన అను. నీ కాళ్లు మొక్కుత."

"అయ్యో, లేవండి పిన్నిగారూ! కానీ మీరు చెప్పింది నిజమే కదా?"

"నిజమైతే ఏం జేస్కుంటవ్ బిడ్డా?"

సుచరిత నా వైపు తిరిగింది, నేనైతే అర్థం చేసుకుంటానని. "వర్షితా, నువ్వైనా చెప్పు. ఇది అబద్ధమని నేను ఒప్పుకుంటే మొత్తం అబద్ధమైపోతుంది. పదేళ్ల నుంచి చేస్తున్న పని. మీ కొట్టం కోసం ఇంతమంది సంతకాలు పెట్టారు. వచ్చేవారం కోర్టులో ఈ ఫోటోలే చూపించబోతున్నాం."

"కొట్టం పోతె పోనియ్యక్కా" అన్నాను. "సమ్రీన్ కడుపుతోని ఉంది."

నాన్న గడప దగ్గర నిలబడి ఉన్నాడు. కొట్టం పోతే పోనీ అని ఆయన కూడా అంటాడని చూశాను. ఆయన రేకుల వైపు చూశాడు. సుచరిత కూడా ఆయనను చూసింది. "ఆలోచిస్తానండీ" అని అమ్మ చేతుల్లోంచి చేతులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆలోచించింది. రెండు రోజుల తర్వాత వీడియో పెట్టింది. రేకుల మీద వాన, చెంబులో పాలధార, గడ్డి దుడ్డెను నాకుతున్న బర్రె, అమ్మ గొంతు. ఒకదిక్కు ముబీన్ గాడు, ఒకదిక్కు గీ పోరి. కింద సుచరిత ఒక్క ముక్క రాసింది, నేను ఎవరి నోట్లోనూ మాటలు పెట్టను అని.

దాదీ ఇద్దరు మతపెద్దలను అడిగింది. ఒక్క గుటక తాగినా తాగినట్టేనని ఒకాయన అన్నాడు. ఒక్కపూట పాలకు అంత పట్టింపు లేదని ఇంకొకాయన అన్నాడు. రెండో మాట పట్టుకుని బతకొచ్చు. ముబీన్, సమ్రీన్ అదే పట్టుకుందామనుకున్నారు. దాదీ మాత్రం నమాజుకు కూర్చుని లేవలేకపోయేది. తన చేత్తో చేసిన పెళ్లి, రేపు పైన ఏం జవాబు చెప్పాలని ఏడ్చేది. ఆమెను ఒప్పించవచ్చునేమో. గల్లీని ఎవరు ఒప్పిస్తారు? బోనాల పందిరి వేసిన మా పోరగాళ్లే, ముబీన్ బండి మీద పోతుంటే, "ఏం భాయ్, చెల్లె మంచిగుందా?" అని కేకేసేవాళ్లు. వాళ్లలో మా మేనత్త కొడుకు బాలనర్సింహ కూడా ఉన్నాడు. నేను పోయి వాడి చెంప పగలగొట్టాను. వాడు చెంప రుద్దుకుంటూ కూడా నవ్వాడు. అవతల చాయ్ హోటల్లో వాళ్లవాళ్లు తక్కువ తిన్నారా? ముబీన్ వస్తే పక్కన కూర్చున్నవాళ్లు లేచి వేరే బల్లకు పోయేవాళ్లు.

సమ్రీన్ మళ్లీ జహనుమా పోయింది. ఈసారి చెయ్యి ఊపలేదు.

కోర్టు కూల్చివేతలను ఆపింది. గల్లీలో టపాసులు కాల్చారు. నాన్న రేకుల సందులోంచి నోటీసు తీసి పొయ్యిలో వేశాడు. అయితే మా పాలు కొనేవాళ్లు మాత్రం గల్లీలో సగమైపోయారు. ఎదురింటికి పాకెట్ పాలు రావడం మొదలైంది. దాదీ కిటికీ మూసే ఉండేది.

ఆశ్వయుజంలో సమ్రీన్‌కు ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. అమ్మ చుక్కబర్రె పాలు వెచ్చచేసి కొత్త డబ్బాలో పోసుకుని నన్ను వెంటబెట్టుకుని జహనుమా బయల్దేరింది. బాలింతకు పాలు పడటంలేదని ఎవరో అన్నారట. వాకిట్లో ముబీన్ కూర్చుని ఉన్నాడు. లోపలికి పోకూడదు, పిల్లను ఎవరైనా బయటికి తెచ్చి చూపిస్తే చూడాలి. అమ్మను చూసి లేచి, అలవాటుగా వంగబోయి, ఆగిపోయి పక్కకు జరిగాడు. లోపల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కౌసర్ బీ గుమ్మానికి అడ్డంగా వచ్చింది. అమ్మ డబ్బా ముందుకు చాపింది.

"నీ పాలు చాలు ఎల్లమ్మా" అంది కౌసర్ బీ. కోపం కూడా లేదు గొంతులో. తలుపు మెల్లగా వేసుకుంది.

తిరిగి వస్తూ అమ్మ ఆ డబ్బాను ఫలక్‌నుమా దగ్గర ఒక బిచ్చగత్తెకు ఇచ్చేసింది.

దీపావళి ముందు సుచరిత కార్డు పట్టుకుని వచ్చింది. ఊరి అవతల, కొండమీద ఏదో పెద్ద గ్యాలరీలో ఆమె ఫోటోలు పెడుతున్నారు. అమ్మకు శాలువా కప్పుతారట. నేను ఆమెను గడప దగ్గరే ఆపి నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని అంతా విని, "నాకూ బాధగానే ఉంది వర్షితా, కానీ నిజాన్ని ఎలా దాచను?" అంది. లంగాలను దాచనివ్వని మనిషి నిజాన్ని ఎట్లా దాస్తుంది!

"వస్త బిడ్డా" అంది అమ్మ లోపల్నుంచి. "మస్తు మంది వస్తరా?"

"చాలామంది వస్తారు పిన్నిగారూ. టీవీవాళ్లు కూడా."

"వస్త."

అమ్మ ముబీన్ మొదటి జీతంతో తెచ్చిన చీర కట్టుకుంది. గ్యాలరీలో తెల్లటి గోడలు, మెత్తటి దీపాలు. గోడంత పెద్దగా మా అమ్మ తలకు నూనె పెట్టుకుంటోంది. పక్కన నా లంగాలు. ఇంకోపక్క గడ్డి దుడ్డె. దాని ముందు పట్టుచీరల ఆడవాళ్లు చేతిరుమాళ్లు తీసుకుంటున్నారు. అమ్మ ఒక్కో ఫోటో చూసుకుంటూ పోయి ఒకదాని ముందు నిలబడిపోయింది. మెడనిండా, చేతులనిండా, జడనిండా పూలతో సమ్రీన్. చేతిలో ఫోను. పెదవులు సగం తెరుచుకుని ఉన్నాయి.

"నేను కట్టిన పూలు" అంది అమ్మ. తర్వాత, "కింద ఏం రాసిన్రు?" అని అడిగింది.

"ఎదురుచూపు అని రాసిన్రు."

అమ్మ చాలాసేపు చూసింది. ఏడవలేదు.

శాలువా కప్పారు. చేతికి మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. అమ్మ ఎన్నడూ మైకు పట్టుకున్నది కాదు, రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికి దండం. నేను ఎల్లమ్మను, ఉప్పుగూడ దుర్గయ్య పెండ్లాన్ని. గా వీడియోల నేను చెప్పింది ఒట్టి మాట. సమ్రీన్‌కు నేను పాలియ్యలే. బర్రెపాలు పట్టిన. గిది టీవీల చెప్పున్రి. గా ఇద్దరు అన్నచెల్లెండ్లు గారు." మైకులో ఊపిరి గరగరలాడింది. "వర్షితా, ఇటు రా."

పోయాను. మైకు ఒక చేతిలోకి మార్చుకుని రెండో చెయ్యి నా నెత్తిన పెట్టింది.

"నా బిడ్డ మీద ఒట్టు" అంది.

ముందు వరుసలో ఒకామె చప్పట్లు మొదలుపెట్టింది. హాలంతా లేచి నిలబడి కొట్టింది. సుచరిత కళ్లనీళ్లతో వచ్చి మైకు అందుకుంది. "చూశారా? ఒక కాపురం నిలబెట్టడానికి తన గొప్పతనాన్నే కాదనుకుంటోంది ఈ తల్లి" అంది. చప్పట్లు ఇంకా పెరిగాయి. నెత్తిన చెయ్యి అట్లాగే ఉంచుకుని అమ్మ వాళ్లందరినీ చూస్తోంది. ఎవరో ఫోటో తీశారు.

ఆటోలో శాలువాను మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"నమ్మిన్రా బిడ్డా?"

"నమ్మిన్రమ్మా" అన్నాను.

"గంతగనం చప్పట్లు కొట్టిన్రంటే నమ్మినట్టే. ఇగ సమ్రీన్‌ను తోల్కస్తరు."

"తోల్కస్తరు."

శాలిబండ దాటాక చెయ్యి చాపి నా నుదురు పట్టి చూసింది. "జరం గిట్ల వచ్చినట్టున్నదా?"

"లేదమ్మా."

ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.

సమ్రీన్ రాలేదు. ఆ పసిపిల్ల ఇప్పుడు పాకుతోందట. చుక్కబర్రె మళ్లీ ఈనింది, ఈసారి దుడ్డె బతికింది, గడ్డి దుడ్డెను నాన్న పెంటకుప్పలో పారేశాడు. అమ్మ మాత్రం ఇవాళ్టికీ పొద్దున్నే చెంబు పట్టుకుని ముందు నా దగ్గరికి వస్తుంది. నిద్రపోతున్నాననుకుని నా నుదురు ముట్టి చూసుకుని గానీ కొట్టంలోకి పోదు.